ఆదివారం సెలవు

యేసోబు పోయింది ఒక ఆదివారం నాడు. చీమకుర్తి క్వారీలో నడుం విరిగిన కూలీలకు వీపు మీద నొప్పి పట్టీ అంటిస్తారు. గేటు దాటి పనిలోకి వస్తేనే అది మందు వదులుతుంది. బయట ఏ ఆసుపత్రిలోనూ నొప్పిమందు దొరకని రోజులవి. ఏళ్ల తరబడి ఆ మందుకు అలవాటుపడ్డ యేసోబు, ఆ పొద్దున మూసిన గేటు దాకా పాక్కుంటూ వెళ్లి, దానికి వీపు ఆనించి ప్రాణం విడిచాడు.

అతని భార్య సువార్త ఆ గేటు దగ్గరే పట్టీలు అంటించే పని చేస్తోంది. ఈ సోమవారం మేనేజరు సత్యప్రసాదును ఇద్దరు మోసుకొచ్చారు. రాయి జారి ఆయన నడుం మీద పడింది.

"సువార్తమ్మా, తొందరగా వెయ్యి తల్లీ!"

ఏనాడూ ఆమెను పేరు పెట్టి పిలవని మనిషి.

"ఒక్క వారం ఏసుకోండి సార్. గుర్రంలాగా పరిగెత్తుతారు," అంది సువార్త. యేసోబుకు మొదటి పట్టీ వేసిన నాడు ఆయన అన్నది అదే మాట.

పట్టీ కోసం వరసలో ఉన్న ముసలి దావీదు నవ్వాడు. "రాండి సార్, మాలో కలిశారు."

సత్యప్రసాదు గొంతు తగ్గించాడు. "నాది ఇంటి దగ్గర కూడా పనిచేసేట్టు పెట్టమ్మా."

"అట్టాంటి పట్టీ లేదు గదా సార్. గేటు దాటితేనే మందని చేయించింది తమరే."

"మరి ఆదివారం?"

ఆమె తడిగుడ్డతో ఆయన వీపు తుడిచి, పట్టీ అంచులు మెత్తగా అదిమింది.

"ఆదివారం సెలవు సార్."

ఈ ఆదివారం కాకపోతే మరో ఆదివారం, ఆయనా ఈ గేటు దాకా పాక్కుంటూ రావాల్సిందే. సువార్తకు తొందరేమీ లేదు. జీవితమంతా రాయి కోసిన యేసోబు సమాధికి మాత్రం ఇంకా రాయి వేయలేదు.