జాగ సాలలే

"గా మాట తప్పు బిడ్డా, మార్చు," అంటూ అనసూర్య ఒళ్లో ఉన్న బీడీల చాట పక్కన పెట్టింది.

ఆమె భర్త, ఒగ్గు కథలు చెప్పిన కొమురయ్య, పోయి నెలయింది. ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో ఆయన మీద తాను రాసిన వ్యాసాన్ని రాజేశం ఫోనులో చదివి వినిపిస్తున్నాడు. 'పాటలన్నీ కొమురయ్యే కట్టాడు' అన్న దగ్గర ఆమె ఆపింది.

"ఆయనది గొంతు. బీడీలు చుట్టుకుంట పాట కట్టింది నేను. రేపు నేను పోతె గీ మాట చెప్పెటోళ్లుండరు."

"నేను నమ్ముత అవ్వా. గని గిండ్ల రాయాల్నంటె అచ్చైన ఆధారం గావాలె. పేపరన్న, పుస్తకమన్న."

"మరి గది ఏ పేపరు జూసి రాసినవ్?"

వ్యాసం అడుగున ఉన్న ఆధారం ఒక్కటే. పద్దెనిమిదేళ్ల కిందట జిల్లా పేజీలో వచ్చిన ఇంటర్వ్యూ. రాసిన విలేకరి రాజేశమే.

"గా దినం మీకు చాయ్ పోసింది నేనే గద. 'మాట నా పెండ్లాముది, గొంతు నాది' అని ఆయన చెప్పంగ నువ్వు రాసుకోలేదా?"

రాసుకున్నాడు. ఆ సాయంత్రం పేజీలోకి ఒక ప్రకటన వచ్చింది. ఇంటర్వ్యూలో ఆ మాటలున్న ఆఖరి రెండు వాక్యాలు తన చేత్తోనే కొట్టేశాడు.

"రాసుకున్న అవ్వా. పేపర్ల జాగ సాలలే."

అనసూర్య ఫోను వైపు చూసింది.

"మరి గిండ్ల ఉన్నదా జాగ?"

"మస్తున్నదవ్వా," అన్నాడు రాజేశం. "అచ్చైన ముక్కనే లేదు."