కంచె మూలన తెల్లపూలు

క్రెన్షా కుటుంబంలో ఒక్కరూ మిగల్లేదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

దక్షిణ ఇండియానాలోని ఆ అడవిని నరికి తొలి ఇల్లు కట్టుకున్నది వాళ్లే. ఒక ఆకురాలు కాలంలో తల్లీ తండ్రీ పిల్లలూ వరుసగా పోయారు. ఆ నేల నుంచి తరిమేసిన ఆదివాసుల్లో ఒక ముసలామె శపించిందని చెప్పుకుంటారు.

లూసీ శాపాలను నమ్మదు. ఆమె కౌంటీ లైబ్రరీలో ఉద్యోగి. ఊరి నూటయాభయ్యో వార్షికోత్సవం దగ్గర పడుతుండడంతో, పాత రికార్డులు వెతికి క్రెన్షాల వంశచరిత్ర రాసే పని ఆమెకు అప్పగించారు. ఆమె భర్త దైవాశీర్వాదం ఇల్లు కొన్న స్థలం కూడా ఒకప్పుడు వాళ్లదే.

అది 1981 సెప్టెంబరు.

"మమ్మీ, గడ్డి తాత మళ్లీ వచ్చింది!" అని కిటికీ దగ్గర నుంచి కేక పెట్టింది ఆరేళ్ల దెబోరా.

"వచ్చాడు అనాలి," అంటూనే లూసీ బయటికి నడిచింది.

కంచె లోపల, అడవి మొదలయ్యే చోట, ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని తెల్లపూల మొక్కలను వేళ్లతో సహా పెరికి గోనెసంచిలో వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఈ మొక్క పీకుతున్నాను, మేడమ్. మీరు రాకముందు నుంచీ ఏటా పీకుతాను."

"ఎందుకు?"

ఆయన చేతులు దులుపుకున్నాడు. "మా తాత పీకేవాడు. ఆయన్ని పెంచినావిడ నేర్పిందట. ఎందుకో అడిగే తెలివి నాకొచ్చేసరికి ఆయన లేడు."

"మీ పేరు?"

"ఎల్బర్ట్ ప్రూయిట్. నా తర్వాత ఈ పనికి ఎవరూ లేరు. మీకు అభ్యంతరం లేకపోతే పాపకు నేర్పుతాను," అని నవ్వాడు.

ఆ సాయంత్రం దైవాశీర్వాదం మాత్రం నవ్వలేదు.

"ప్రైవేట్ ప్రాపర్టీ, లూసీ! ముసలాయన జారిపడితే మనల్నే స్యూ చేస్తాడు. ఇన్సూరెన్స్ వాళ్లు చేతులు దులుపుకుంటారు."

"పాపం, మొక్కలే కదండీ పీకుతున్నాడు."

"ఎందుకు పీకుతున్నాడో ఆయనకే తెలీదన్నావుగా? ఇదీ ఆ శాపం లాంటిదే. అలాంటివి నమ్మనని నువ్వే కదా అంటావు?"



గేటుకు తాళం పడింది.

మర్నాడు ఎల్బర్ట్ కంచె అవతల టోపీ తీసి నిలబడ్డాడు.

"ఆ చివరి మూల మిగిలిపోయింది, మేడమ్."

"సారీ, మిస్టర్ ప్రూయిట్. మావారికి ఇష్టం లేదు."

"ఇల్లు మీది," అన్నాడాయన. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ శీతాకాలంలోనే ఆయన పోయాడు. ఖననం చర్చివాళ్లే జరిపించారు. లూసీ పూలు తీసుకువెళ్లింది. బంధువుల కోసం వదిలిన వరుస ఖాళీగా ఉంది.

వసంతంలో దైవాశీర్వాదం ఈనిన ఆవును కొన్నాడు.

"స్టోర్ పాల పెరుగు కూడా ఒక పెరుగేనా! నా కూతురైనా గడ్డపెరుగు రుచి చూడాలి," అన్నాడు మురిసిపోతూ.

ఆ వేసవిలో వానలు లేవు. గడ్డి ఎండిపోయింది. అడవి నీడన మాత్రం మొక్కలు పచ్చగా నిలిచాయి. మిగిలిపోయిన ఆ మూల నుంచి తెల్లపూలు కంచె పొడవునా పాకాయి. ఆవు అక్కడే మేసింది.

సెప్టెంబరులో ఒక ఉదయం దూడ వణుకుతూ కూలబడింది.

పశువుల డాక్టర్ దాన్ని చూశాడు. కంచె దాకా వెళ్లి, ఒక తెల్లపూల కొమ్మతో గబగబా తిరిగి వచ్చాడు.

"ఈ ఆవు పాలు ఎవరైనా తాగారా?"

"పాప రోజూ తాగుతుంది. పాలూ పెరుగూ అన్నీ దానికే. బాగా కాచే ఇస్తాం, డాక్టర్."

"కాచినా ఈ మొక్క విషం పోదు. ఆవు పైకి బాగానే ఉంటుంది, విషమంతా పాలలోకి దిగుతుంది. పాప ఎలా ఉంది?"

దెబోరా రెండు రోజులుగా నీరసంగా పడుకుంటోంది. స్కూలు ఎగ్గొట్టే వేషాలని తల్లి కసిరింది కూడా.

దైవాశీర్వాదం పిల్లను ఎత్తుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు.

వారం తర్వాత గాని దెబోరా ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చోలేదు. "నాకు ఆకలేస్తుంది, మమ్మీ," అంది. దైవాశీర్వాదం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అప్పుడు లూసీకి వంశచరిత్ర కోసం చూసిన క్రెన్షాల సమాధిరాళ్లు గుర్తొచ్చాయి. అన్నిటి మీదా సెప్టెంబరు, అక్టోబరు తేదీలే. పన్నుల పట్టీలో వాళ్లకు పాడి ఉన్నట్టు కూడా ఆమె చూసింది.

"శాపం కాదండీ. పాలు."

"తాళం వేసింది నేను, లూసీ," అన్నాడు దైవాశీర్వాదం. "ఆయనకైనా ఎందుకో తెలిసి ఉంటే..."

"తెలియకపోయినా మానలేదు ఆయన."

ఇంటికి వచ్చాక ముగ్గురూ కలిసి కంచె పొడవునా మొక్కలు పెరికారు. చివరి మూల దగ్గర లూసీ ఆగిపోయింది. ఎల్బర్ట్ తాతను 'పెంచినావిడ' ఎవరు?

మర్నాడు కౌంటీ కోర్టుకు వెళ్లి, క్రెన్షాలు పోయిన ఏటి అనాథల రికార్డు తీయించింది.

ఒక పసివాడి తల్లి మంచాన పడిన నాడే పొరుగింటి ప్రూయిట్ భార్య అతణ్ణి తీసుకుపోయి, తన బిడ్డతో పాటు చనుబాలిచ్చి బతికించిందట. కోర్టు అతణ్ణి ఆమె పెంపకంలోనే, ప్రూయిట్ల పేరుతోనే ఉంచింది.

పసివాడి ఇంటిపేరు క్రెన్షా.

ఒక్కరూ మిగల్లేదన్న ఆ కుటుంబం, నిరుడు గేటుకు తాళం పడేదాకా, ఏటా సెప్టెంబరులో ఆ కంచె దగ్గరికి వస్తూనే ఉంది.