ముప్పయ్యోది

"ఈ రోజు కూడా లేదు సార్," అంది ఫోన్లో వార్డు నర్సు.

లెక్కలాయన ఫోను బల్ల మీద విసిరినంత పని చేశాడు. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చే లెక్క ఆయనదే. వార్డులో సగంమందికి ఆ మందు, మిగతా సగానికి ఉత్త చక్కెర బిళ్ళ.

మామూలుగా అయితే ఇంతమందిని చూడాలని ముందే అనుకుని, చూసి, ఆపేస్తారు. ఈయనది తిరగేసిన లెక్క. ఎంతమందినైనా, ఎన్నాళ్ళైనా సరే, ముప్పై నిండేదాకా చూస్తూనే ఉండాలి. అప్పుడే పరీక్ష ముగుస్తుంది, మందు బయటికొస్తుంది. తీరా చూస్తే ఇరవై తొమ్మిది దగ్గర బండి మొరాయించింది.

"ఇరవై చాలు కదయ్యా," అని పెద్ద డాక్టరు అప్పట్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా.

"ఇరవైతో తేలేది లెక్క కాదండీ, జోస్యం," అని లెక్కలాయన ముప్పైకి పట్టుబట్టాడు. అప్పటికి తన కూతురికి ఆ మందుతో నయమయ్యే జబ్బు రాలేదు మరి.

ఇప్పుడా పిల్ల నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. సొంతవాళ్ళని పరీక్షలో చేర్చకూడదని నియమం. అదీ ఈయన పెట్టిందే. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"ఆ ఒక్కటీ వదిలేసి తేల్చెయ్యరాదూ?" అంది భార్య.

"కుదరదే. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది."

"అయితే త్వరగా రావాలని దణ్ణమైనా పెట్టుకోండి."

జన్మలో దేవుడి జోలికి పోనివాడు, ఆ పూట కళ్ళు మూసుకుని పెట్టుకున్నాడు.

మర్నాడు వార్డుకే వెళ్ళి నర్సు మీద విరుచుకుపడ్డాడు.

"ఇన్నాళ్ళు పడుతుందా? ఒక్కటే కదా కావాల్సింది?"

నర్సు ముఖం తిప్పుకుంది. "మీకున్న తొందర మాకు లేదు సార్."

'ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఎన్నైనా చెప్తారు,' అని గొణుక్కుంటూ ఇంటికొచ్చేశాడు.

సాయంత్రం కాఫీ తాగుతుంటే ఫోను మోగింది.

"అయింది సార్. ముప్పై నిండింది."

కుర్చీ తన్నుకుని లేచాడు. కూతుర్ని గుండెకి హత్తుకున్నాడు. భార్య కళ్ళు తుడుచుకుంది. అప్పటిగ్గాని అడగాలని తోచలేదు.

"ఎవరు?"

"కిటికీ పక్క మంచం పాపండీ," అంది నర్సు, "మీ అమ్మాయి ఈడుదే, ఇందాకే ప్రాణం పోయింది."