ఛాంపియన్ చైను

ఛత్రినాక కూరగాయల మార్కెట్ దగ్గర పట్టపగలు సుశీల మెడలో గొలుసు తెంపుకుపోయిన దొంగ సైకిల్ మీద వచ్చాడు.

ఈ రోజుల్లో సైకిల్ మీద వచ్చే దొంగ కూడా ఉంటాడా అంటే, ఉన్నాడు. పాపం, కొత్తవాడు. గేర్ల సైకిలైతే సందుల్లో మోటారు బండ్ల కంటే తొందరగా దూరిపోవచ్చనుకున్నాడు. ఆలోచన మంచిదే. ఎత్తు రాగానే గేరు మార్చి, సీటు మీంచి లేచి బలమంతా పెట్టి తొక్కాడు. ఫట్‌మని చైను తెగింది. దొంగ ఎగిరి టమాటాల బండిలో పడ్డాడు.

జనం పట్టుకున్నారు. కొట్టేవాళ్లు కొట్టారు, వీడియో తీసేవాళ్లు తీశారు.

సుశీల భర్త కైలాసానిది అక్కడికి దగ్గర్లోనే సైకిల్ సామాన్ల దుకాణం. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే సైకిళ్లు బాగుచేసే నగేష్ తెగిన చైనును చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"సేఠ్, గిది మన దుకాణం మాలే," అన్నాడు గొంతు తగ్గించి.

ఇంకొకరైతే సిగ్గుపడేవారు. కైలాసం ఆ చైను లాక్కొని అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"సూసిండ్రా! డూప్లికేట్, డూప్లికేట్ అని మస్తు లొల్లి చేస్తరు గదా. గిది కంపెనీ చైనైతే దొంగ ఈపాటికి ఫలక్‌నుమా దాటుతుండె!"

జనం నవ్వారు. కిందపడ్డ తన టమాటాలు ఏరుకుంటున్న బండి చంద్రమ్మ మాత్రం నవ్వలేదు.

"మా పిలగాండ్లు దొంగలు కారు గద సేఠ్. వాండ్ల చైన్లెందుకు తెగుతున్నయ్?"

కైలాసానికి ఆ మాట వినబడలేదు. ఆయనకు అలాంటి మాటలు వినబడకపోవడం కొత్తేమీ కాదు.

ఆయన అమ్మేవన్నీ నకిలీలే. పెట్టె మీది అక్షరాలు, చైను మీది ముద్ర, విప్పితే వచ్చే నూనె వాసన కూడా అచ్చం కంపెనీదే. అసలుదీ నకిలీదీ పక్కపక్కన పెడితే ఆయనకే తేడా తెలిసేది కాదు. తెలుసుకోవాలని ఆయన ప్రయత్నించిందీ లేదు. చైను తెగిందని ఎవరైనా తిరిగి తెస్తే గల్లా వెనకున్న పెద్ద ఫ్లెక్సీ వైపు వేలు చూపేవాడు. అందులో ఇంటర్ చదివే ఆయన కూతురు స్రవ్య, మెడలో పతకంతో సైకిల్ పక్కన నిలబడి ఉంటుంది. కింద 'ఛాంపియన్ తొక్కే చైను' అని రాసి ఉంటుంది.

"నా సొంత బిడ్డ గిదే చైనుతోని రేసుల ఫస్టొచ్చింది. నీకు తొక్కనీకి రాకపోతే నేనేం జెయ్యాలె?"

వచ్చినవాడు తనకు తొక్కడం రాదని ఒప్పుకొని, ఇంకో చైను కొనుక్కొని పోయేవాడు.

స్రవ్యకూ ఒకప్పుడు తొక్కడం రాలేదు. నిరుడు ఫలక్‌నుమా ఎత్తు మీద సాధన చేస్తుంటే చైను తెగి బోర్లా పడింది. గడ్డానికి కుట్లు పడ్డాయి.

"మన చైన్లు మంచియేనా?" అని సుశీల ఆసుపత్రిలో అడిగింది.

"దానికి గేర్లు మార్చనీకి రాదు, గంతే," అన్నాడు కైలాసం. మర్నాడు దుకాణంలోంచి కొత్త చైను, గేర్ల చక్రాలు తీసి సుశీల చేతిలో పెట్టాడు. తనే దగ్గరుండి సైకిల్ బాగుచేయించింది. ఆ తర్వాత స్రవ్య పడిందీ లేదు, చైను తెగిందీ లేదు. పతకం వచ్చింది. దాని వెంటే ఫ్లెక్సీ వచ్చింది.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీలో దొంగ ఫొటో కూడా చేర్చాలని కైలాసానికి తోచింది. కేసు పెడితే పేపర్లో కూడా వస్తుంది.

"గొలుసు దొరికింది గదా. కేసెందుకు, ఇంటికి పోదాం నడువుండ్రి," అంది సుశీల.

"భయమెందుకు? నేనున్న, ఫికర్ చెయ్యకు," అని ఆమెను ఆటో ఎక్కించి పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయాడు.

దొరికిన సొత్తు విలువ రాయాలని ఎస్సై ఒక కంసాలిని పిలిపించాడు. ముసలి కంసాలి గొలుసును గీటురాయి మీద రుద్దాడు. ఒక చుక్క ద్రావకం వేశాడు. కళ్లద్దాలు సర్దుకొని మళ్లీ రుద్దాడు.

"రోల్డ్‌గోల్డ్ సార్," అన్నాడు.

మూలన కూర్చున్న దొంగ తల పట్టుకున్నాడు. "డూప్లికేట్ చైను కోసమొచ్చి డూప్లికేట్ చైనుతోని దొరికిన. ఏం నసీబ్ సార్ నాది!"

కైలాసం మొహం ఎర్రబడింది.

"పెండ్లిరోజుకు నేనే కొనిచ్చిన. హాల్‌మార్క్ జూసి మరీ కొన్న! దుకాణంల ఏమన్న అమ్ముత గానీ ఇంటికి అసలు మాలే తెస్త. గీ కంసాలోడే మార్చిండు సార్!"

"మీ అందరి ముంగట్నే గదయ్యా రుద్దిన," అన్నాడు కంసాలి.

"నకిలీ మాల్ అంటగట్టేటోళ్లను ఊకె ఇడిచిపెట్టొద్దు సార్. నాలుగు తగిలిస్తే నిజం జెప్తడు!"

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. కంసాలి చొక్కా జేబులు వెతకమని కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

అంతసేపూ నేల చూస్తూ కూర్చున్న సుశీల అప్పుడు లేచి ఆయనకు అడ్డం నిలబడింది.

"గా పెద్దాయన్నేం అనకుండ్రి సార్, అసలు గొలుసు నా బిడ్డ గడ్డానికి కుట్లు పడ్డప్పుడే అమ్మి, దాని సైకిల్‌కు కంపెనీ గేర్లు, కంపెనీ చైను వేయించిన."