రెండు వైపుల గిటారు

“గిటారుకి రెండు వైర్లెందుకు ధనశ్రీ? ఒకటి చాలదా?” బ్యాండు పెద్ద సిద్ధార్థ విసుక్కున్నాడు.

ధనశ్రీ ఒప్పుకోలేదు. ఆ పాటలో ఆమె గిటారు ఎడమ స్పీకర్లో ప్రశ్న అడిగితే, కుడి స్పీకర్లో జవాబు చెబుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో వింటే అమృతమే. హనుమాన్ జంక్షన్ ప్రోగ్రాంలో మాత్రం ఎడమ పక్క కూర్చున్నవాళ్ళకి ప్రశ్నలే దక్కాయి, కుడి పక్కవాళ్ళకి జవాబులే దక్కాయి.

“విజయవాడలోనూ అలాగే అయితే, ఇక ఎప్పటికీ ఒక్క వైరే,” అని తేల్చేశాడు సిద్ధార్థ.

విజయవాడ హాల్లో సౌండ్ చూసేది భావనారాయణ. ధనశ్రీ వెళ్ళి ఆయనకి ఎడమ పక్కన నిలబడి, “మాస్టారూ, గిటారు స్టీరియోలో కావాలండీ,” అంది. ఆయన తలైనా తిప్పలేదు. మళ్ళీ అడిగినా అంతే. ఈయనగారికి పొగరు నెత్తికెక్కినట్టుంది అనుకుంది. ఒళ్ళుమండి ఎదురుగా వెళ్ళి గట్టిగా చెప్పింది.

ఈసారి ఆయన శ్రద్ధగా విన్నాడు.

“మాది పెడన. చేనేతవాళ్ళం. చీరకి రెండంచులూ ఉండాలి, మధ్యలో బట్టా ఉండాలి గదమ్మా! వాయించు, చూద్దాం.”

ఆమె వాయిస్తుంటే ఆయన హాలంతా తిరిగాడు. ఈ గోడ దగ్గర కాసేపు, ఆ గోడ దగ్గర కాసేపు ఆగాడు. నడిమధ్యన నిలబడి స్టేజీకి ఎదురుగా విన్నాడు. వెనక్కి తిరిగి, స్టేజీకి వీపు పెట్టి మళ్ళీ విన్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు, మళ్ళీ అటు.

“గుళ్ళో ఆత్మప్రదక్షిణ చేస్తున్నాడ్రోయ్!” డ్రమ్మర్ కిసుక్కున నవ్వాడు.

భావనారాయణ పట్టించుకోలేదు. “ప్రశ్న కాస్త కుడివైపు కలిపా, జవాబు కాస్త ఎడమవైపు కలిపా. ఇక ఏ కుర్చీ అలగదమ్మా,” అన్నాడు.

సాయంత్రం హాలు నిండింది. ఎడమ నుంచి ప్రశ్న లేచింది, కుడి నుంచి జవాబొచ్చింది. రెండు మూలలనుంచీ ఒక్కసారే ఈలలు మోగాయి. ధనశ్రీ గుండె ఉప్పొంగిపోయింది.

“మా ధనశ్రీ! మైలవరం అమ్మాయి!” సిద్ధార్థ మైకులో గర్వంగా అరిచాడు. ప్రోగ్రాం అయ్యాక ఆ రెండు వైర్లూ తనే చుట్టి ఆమె చేతికిచ్చాడు.

ఆమె పరుగున భావనారాయణ పక్కకి వెళ్ళింది. “మాస్టారూ, మీలా వినేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరండీ!”

ఆయన పలకలేదు. ఆయనతో పనిచేసే హన్నా మైకులు సర్దుతూ నవ్వింది.

“ఇటు కుడి పక్కకొచ్చి చెప్పండి మేడం. ఆయనకి ఎడమ చెవి పుట్టుకతోనే వినపడదు.”