నీళ్ళ రంగు

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి బాబూ?"

బెడోక్ రిజర్వాయరు ఒడ్డున, చేపలు పట్టుకునే చెక్క వేదిక మీద కాలు పెట్టగానే ప్రణవ్‌కి ఎదురైన మొదటి ప్రశ్న అది.

అడిగినాయనకి అరవై దాటి ఉంటాయి. టోపీ, నల్ల కళ్ళద్దాలు, మడత స్టూలు, పక్కన ఒక రేకు డబ్బా. ప్రణవ్, కీర్తిక తెలుగులో మాట్లాడుకుంటూ రావడం విన్నట్టున్నాడు.

"తేటగా ఉన్నాయి అంకుల్," అన్నాడు ప్రణవ్, నీళ్ళకేసి చూడకుండానే.

అతను చూస్తున్నది కీర్తికని. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఆమె చేతుల గోరింటాకు ఇంకా పోలేదు.

"తేటగానా? రాత్రి వాన పడిందే! సర్లే, నువ్వు చెబుతున్నావుగా."

ఆయన డబ్బా మూత తీశాడు. లోపల ఎరగా కట్టే వేలెడంత చెక్క చేపలు, ఒక్కోటి ఒక్కో రంగు. వాటి కడుపులు బొటనవేలితో తడిమి తడిమి, వెండి రంగుది ఎంచి దారానికి కట్టాడు.

"తేట నీళ్ళకి వెండి, బురద నీళ్ళకి పసుపు. పీకాక్ బాస్ చేపకి కడుపు ఆకలికన్నా కంటి ఆకలి ఎక్కువ తల్లీ. కొత్త పెళ్ళికూతురివి కదూ? గాజులు చెబుతున్నాయిలే."

కీర్తిక మురిసిపోయి గాజులు ఇంకోసారి మోగించింది.

"మాకు ఇదే మొదటిసారి అంకుల్. ఈయనకి వన్-నార్త్‌లో ల్యాబు తప్ప ఏమీ తెలీదు. నాకు చేపల పులుసు తప్ప ఏమీ తెలీదు."

"ఏదీ, ఆ రాడ్ ఇలా ఇవ్వు." ఆయన దారం వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇంత లావుదా! ఓడను కడతావా బాబూ? దీన్ని చూస్తే చేప దగ్గరికే రాదు. నా సన్నది తీసుకో. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడుపు, పొడి ముడి పుటుక్కున తెగుతుంది. రీలు మరీ బిగించకు. లాగినప్పుడు వదలాలి, అలసినప్పుడు చుట్టాలి."

"విన్నారా? నాకూ అదే రూలు," అంది కీర్తిక.

ప్రణవ్ ముఖం ముడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు చదువుకుని సముద్రం దాటి వచ్చినా, పెద్దవాళ్ళ వైవా పరీక్షలు తప్పవన్నమాట.

ఆయన డబ్బాలోంచి పసుపు చేపను తడిమి తీశాడు.

"ఇది నీ పెళ్ళి కానుక తల్లీ. పసుపు శుభం. నేనే చెక్కి, నేనే రంగు వేశాను. ముప్పై ఏళ్ళు ఇక్కడ ఓడలకి రంగులు వేసినవాణ్ణి."

"ఇప్పుడు రిటైరయ్యారా?"

"ఆ. రేపు ఇండియా వెళ్ళిపోతున్నాను. మళ్ళీ రాను. పీకాక్ బాస్ తోక మీద నెమలికన్ను ఉంటుంది, ఎరుగుదువా? వెళ్ళేలోగా ఒక్కసారి అది నా చేతిలో తన్నుకోవాలని. నెల నుంచీ వస్తున్నాను, దక్కలేదు. ఈ సాయంత్రమే మిగిలింది."

కీర్తిక సంచిలోంచి పూతరేకు తీసి అందించింది. ఆయన చెయ్యి చాపలేదు. కొంచెంసేపు అలాగే పట్టుకుని, చిన్నబోయి డబ్బా మీద పెట్టింది. కాగితం గరగరమన్నాక ఆయన తీసుకుని, "ఓహో, పూతరేకే!" అన్నాడు.

"పొగరు చూశావా?" గొణిగాడు ప్రణవ్.

అరగంట గడిచింది.

"ఇప్పుడేమైనా మారాయా బాబూ నీళ్ళు?"

"మీ ముందే ఉన్నాయి కదా అంకుల్!"

ఆయన చిన్నగా నవ్వాడు.

అప్పుడు చూశాడు ప్రణవ్ నీళ్ళకేసి. వాన నీరు చేరి, చిక్కటి టీ రంగులో ఉన్నాయి. చెబుదామనుకున్నాడు. ఇప్పుడు మార్చి చెబితే పరీక్షలో తప్పినట్టే. చెప్పలేదు.

కీర్తిక పట్టుబట్టి పసుపు చేపనే కట్టించింది. నాలుగోసారి విసిరాడో లేదో, రాడ్ విల్లులా వంగింది. లాగినప్పుడు వదిలాడు, అలసినప్పుడు చుట్టాడు. బంగారు రంగు చేప, తోక మీద నల్లటి కన్ను. కీర్తిక గంతులేసింది.

"దేని మీద పడింది?" అడిగాడాయన ఆత్రంగా.

"మీ పసుపు చేప మీదే అంకుల్!" అంది కీర్తిక.

"తేట నీళ్ళలో పసుపు మీదా!" అని ఆశ్చర్యపోయి, ఆయన కుడిచెయ్యి ముందుకు చాపాడు.

అభినందనలు కాబోలనుకున్నాడు ప్రణవ్. తడిచేత్తో ఆ చేతిని పట్టుకుని ఊపి, ఫొటో తీయించుకుని, చేపను నీళ్ళలోకి వదిలేశాడు.

నీళ్ళు తపుక్కుమన్న చప్పుడుకి, చాపిన ఆ చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది.

ఆరు దాటాక షిప్‌యార్డు యూనిఫారంలో ఒకతను గబగబా వచ్చాడు.

"బాబాయ్, పడిందా?"

"నాకు లేదురా తిరుమలేషూ. ఈ బాబుకి పడింది."

"వెండిది కట్టుకుని కూచుంటే ఎట్లా పడుద్ది? నీళ్ళు టీ లాగున్నాయి గదా! తేటగా ఉన్నాయని ఎవరు చెప్పారు నీకు?"

ప్రణవ్ రీలు చుట్టడం ఆపేశాడు.

"ఎవరూ చెప్పలేదురా. నేనే అనుకున్నాను."

"సర్లే, లే. సూట్‌కేసు సర్దాల."

ఆయన లేచి రేకు డబ్బాను కీర్తికకి ఇవ్వబోయాడు. ఆమె కాస్త పక్కకి జరిగి అందుకోవలసి వచ్చింది.

"ఉంచుకో తల్లీ. కడుపు మీద ఒక గాటు ఉంటే వెండి, రెండుంటే పసుపు, మూడుంటే నలుపు. తడిమితే తెలుస్తుంది."

"రంగులు కనబడుతున్నాయి కదా అంకుల్, గాట్లెందుకు?" నవ్వుతూ అడిగింది కీర్తిక.

తిరుమలేష్ సంచిలోంచి ఒక తెల్లకర్ర తీసి, మడతలు విప్పి, ఆయన చేతిలో పెట్టాడు.