ముందు నేనే దిగుతాను

"ఈమె తొట్టిలో దిగడానికి వీలు ల్యా" అంటూ సంఘపెద్ద కొండలయ్య మెట్లకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

బాప్తిస్మానికి తెల్లచీర కట్టుకొచ్చిన తిరుపాలమ్మ ఆ చేతి ముందు ఆగింది. ఆమె వెనక వరసలో మరికొందరు ఆడపిల్లలూ మగపిల్లలూ ఆగారు. ఉదయగిరి పక్కన ఆ చిన్న చర్చిలో, వేదిక వెనకున్న సిమెంటు తొట్టిని నిన్న సాయంత్రం ట్యాంకరు తెప్పించి నింపారు. ఎండలకు బోర్లన్నీ ఎండిపోయాయి. ఉన్న నీళ్లు అవే. అందరూ మునగాల్సింది అందులోనే.

"ఎందుకు ల్యా మామా?"

"నా నోటితో చెప్పించొద్దు."

"చెప్పు. ఊరందరికీ తెలిసిందే గదా."

కొండలయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. "రెండో కాన్పు కాడ్నుంచి నీకు దొడ్డికి పట్టు ల్యా. పోయిన క్రిస్మస్‌కు ప్రార్థన మధ్యలో లేచి పరిగెత్తితివి. ఈ పిల్లలంతా నీ తర్వాత ఇదే నీళ్లలో మునగాల. రేపు వాళ్ల అమ్మా నాయనా నన్నడగరా?"

ఆ క్రిస్మస్ తర్వాత తిరుపాలమ్మ చోటు గుమ్మం పక్కన చాప చివరికి మారింది. అక్కడ కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ముందుకు రమ్మనీ ఎవరూ పిలవలేదు. ముసలి శీనమ్మ ఒక్కతే ఏమీ అడగకుండా వచ్చి ఆమె పక్కన కూర్చునేది. బాప్తిస్మం లేదు గనక, రొట్టె పంచే ప్రభువు బల్ల రోజున పళ్లెం తిరుపాలమ్మ ముందు నుంచి శీనమ్మ చేతికి పోయేది. పళ్లెం దాటిపోతుంటే తిరుపాలమ్మ తన చేతుల్ని ఒళ్లో దాచుకునేది.

"అప్పుడు ల్యా. ఇప్పుడుండాది" అంది తిరుపాలమ్మ. "ఆత్మకూరు ఆస్పత్రిలో నర్సమ్మ సుకుమారి నేర్పినాది."

"ఏంది నేర్పినాది?"

"బిగించడం."

స్త్రీల సమాజం పెద్ద రెబెకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వు ఆగలేదు.

"నవ్వుతావేంది రెబెకమ్మత్తా? నలుగుర్లో ఉన్నప్పుడు గాలి పోకుండా నువ్వు పట్టుకోవా? అదే. కిందున్న కండని అట్టా లోపలికి బిగించి, కాసేపు నిలిపి, వదలడం. పొయ్యి కాడ బిగించినాను, అమ్మే కొయ్య గరిటెలకు నునుపు కోసం ఉప్పుకాగితం రుద్దతా బిగించినాను, ఈ గుమ్మం కాడ కూర్చుని అయ్యగారి ప్రసంగమంతా బిగించినాను. ఎవరికన్నా తెలిసిందా?"

ఈసారి వరసలోని పిల్లలే నవ్వారు. కొండలయ్య వాళ్లకేసి ఉరిమి చూశాడు.

"సరే తల్లీ. నీ మాట నమ్ముతా. అందరిదీ అయినాక కడాన దిగు. అప్పుడెవరికీ బాధ ల్యా."

భర్త వరప్రసాదానికి ప్రాణం లేచొచ్చింది. మెల్లగా దగ్గరికొచ్చి, "ఒప్పుకో తిరుపాలూ. ఎప్పుడు మునిగినా అదే బాప్తిస్మం గదా" అన్నాడు.

"కాదు. కడాన దిగితే నేను మురికిదాన్నని నేనే సంతకం పెట్టినట్టు. ముందు నేనే దిగతా. నేను మునిగిన నీళ్లలోనే వీళ్లంతా మునగాల."

"ఏదన్నా అయితే?" కొండలయ్య గొంతు పెంచాడు.

"అయితే ఈ తొట్టి నేనే కడిగిపోతా. మళ్లా ఈ చర్చి గడప తొక్కను. నువ్వు చెప్పే పని ల్యా."

అందరి కళ్లూ పాస్టరు దయాసాగర్ మీదికి తిరిగాయి. గొడవ మొదలవక ముందే ఆయన నీళ్లలోకి దిగి, నడుం లోతులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. తిరుపాలమ్మకు కొండలయ్య మాటల కన్నా ఈ మౌనమే ఎక్కువ మండింది. కాన్పు తర్వాత తను మంచాన పడితే ఇంటికొచ్చి పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి, ఇప్పుడు నోట్లో నీళ్లు పోసుకున్నాడా?

"ఏమయ్యా, మీరు గూడా కాదంటారా?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. "రామ్మా" అన్నాడు, అంతే.

కొండలయ్య చెయ్యి అయిష్టంగా పక్కకు జరిగింది.

మొదటి మెట్టు మీద నీళ్లు చీలమండల్ని పట్టుకున్నాయి. మూడో మెట్టు దగ్గర చల్లదనం పొట్టకు తగిలింది. లోపల ఆమెకు బాగా తెలిసిన కదలిక లేచింది. పొద్దున కావాలనే రెండు సంగటి ముద్దలు తిని వచ్చింది. ఖాళీ కడుపుతో గెలిస్తే అది గెలుపు కాదనుకుంది. 'ఊపిరి బిగబట్టొద్దు, పొట్ట బిగించొద్దు, కింద ఒక్కటే' అని సుకుమారి చెప్పింది. తిరుపాలమ్మ ఊపిరి వదులుతూ బిగించింది. లోపల గడియ పడినట్టు కండ మాట విన్నది. కదలిక ఆగింది.

కొండలయ్య తొట్టి గట్టు మీదికి వంగి, రెప్ప వెయ్యకుండా నీళ్లకేసే చూస్తున్నాడు. రెబెకమ్మ కొంగు నోటి మీద నుంచి ముక్కు మీదికి పోయింది.

పాస్టరు ఒక చెయ్యి ఆమె వీపు వెనక వేశాడు. రెండో చేత్తో ఆమె ముక్కు దగ్గర రుమాలు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. తనను చూసే ఆ వణుకు అనుకుంది తిరుపాలమ్మ.

"నాకేం భయం లేదయ్యా" అంది, పంటి బిగువున.

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నాకుండాది తల్లీ. మొలల ఆపరేషను అయిన కాడ్నుంచి, సుకుమారి నేర్పినట్టు బిగించుకునే ఈ నీళ్లలోకి దిగతా ఉండా!"